నీళ్లు పైకి పోతే బొమ్మ ఎలా? డాట్, వేగాతో కాళేశ్వరం నెట్‌వర్క్

ఏది దేనికి కలుస్తుందో చూపించే నెట్‌వర్క్ బొమ్మ కావాలంటే చాలామంది పెట్టెలు లాగి, గీతలు అతికిస్తూ కూర్చుంటారు. డిక్లరేటివ్ భాషలో ఆ తిప్పలు ఉండవు. సంబంధాలు రాసిస్తే చాలు, ఎక్కడ గీయాలో సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

మహదేవపూర్ మండలంలోని మేడిగడ్డ, అన్నారం బ్యారేజీలతో మొదలుపెడదాం. గ్రాఫ్‌విజ్ (ఏటీ అండ్ టీలో పుట్టింది, ఫ్రీ) వాడే డాట్ భాషలో డైగ్రాఫ్ అని రాసి, మీసాల బ్రాకెట్లలో ఇవి పెట్టండి:

"మేడిగడ్డ" -> "అన్నారం"
"అన్నారం" -> "సుందిళ్ల"
"సుందిళ్ల" -> "ఎల్లంపల్లి"

అవును, తెలుగు పేర్లు నేరుగా తీసుకుంటుంది. బొమ్మ వస్తుంది గానీ మేడిగడ్డ పైన, ఎల్లంపల్లి కింద! డాట్ మామూలుగా బాణాలను పైనుంచి కిందికి వేస్తుంది. ఇక్కడేమో మోటార్లు నీటిని ఎగువకు ఎత్తిపోయాలన్నది డిజైన్. నిండు మట్టం మేడిగడ్డలో 100 మీటర్లు, అన్నారంలో 119, సుందిళ్లలో 130, ఎల్లంపల్లిలో 148. ర్యాంక్‌డిర్ అనే సెట్టింగ్‌కి బీటీ అని ఇవ్వండి, బొమ్మ మొత్తం తిరగబడుతుంది.

వేలితో నొక్కితే స్పందించాలంటే వేగా కావాలి. దాని తమ్ముడు వేగా-లైట్ ఈజీనే, కానీ అందులో నెట్‌వర్క్ లేఅవుట్లు లేవు. వేగాలో ఫోర్స్ లేఅవుట్ ఉంది, చుక్కల్ని స్ప్రింగులతో కట్టినట్టు సర్దుతుంది. ఫ్రెండ్స్ మ్యాప్‌కి సూపర్, మనకి మాత్రం వద్దు. ఇక్కడ ఎత్తుకి అర్థం ఉంది కాబట్టి చుక్క నిలువు స్థానాన్ని మట్టం కాలమ్‌కే కట్టేయండి.

ఇంటరాక్షన్‌కి సిగ్నల్ వాడాలి. బ్యారేజీలకు కిందనుంచి 1, 2, 3 అని వరుస సంఖ్యలు ఇచ్చి, ప్రతి గీతకూ అది బయలుదేరే బ్యారేజీ సంఖ్యే రాయండి. నొక్కిన సంఖ్యను సిగ్నల్ గుర్తుపెట్టుకుంటుంది. గీత సంఖ్య దానికి సమానమైనా, ఎక్కువైనా మసకబారాలి అన్నది రూల్. లూపుల్లేవు. సిగ్నల్ తొలి విలువ 99 పెట్టండి.

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. ఇప్పుడు బొమ్మలో మేడిగడ్డ నొక్కండి, మూడు గీతలూ మసకబారాయి కదా? చూసినవాళ్లు ఎల్లంపల్లి ఎండిపోయిందనుకుంటారు. కానీ దానికి పైనుంచి గోదావరి సొంత ప్రవాహం వస్తుంది. లింకుల పట్టికలో "ఎగువ గోదావరి" నుంచి "ఎల్లంపల్లి"కి ఇంకో గీత చేర్చి, సంఖ్య 0 ఇవ్వండి. ఏ బ్యారేజీ నొక్కినా అది మసకబారదు. ఈ లైను మర్చిపోతే వేగా ఎర్రర్ చూపించదు, తప్పు బొమ్మనే చక్కగా గీసిస్తుంది.

ఫోన్‌లో చూసేవాళ్ల కోసం చుక్కల సైజు కాస్త పెంచండి, వేలికి అందాలి.