జపాను నక్క కథలో కల్మాషపాదుడు

ఢిల్లీ అశోకా రోడ్డునందలి ఆంధ్రభవనములో ఇటీవల ఒక విద్యార్థి నన్నొక ప్రశ్న అడిగెను. అతడాడు జపాను వీడియో ఆటలో తమామొ-నొ-మయె అను నక్కస్త్రీ గలదు. "ఆమె పూర్వము మన దేశమున రాణిగా నుండెనట. అట్లయిన ఈ నక్క మనదే కదా, గురువుగారూ?" అని యతని ప్రశ్న. అవునని చెప్పుట సులభము. విన్నవారికి ప్రీతికరము కూడ. నేనును తొలుత అట్లే తలచితిని. కాని పేరు ప్రయాణము చేసినంతమాత్రమున కథ యంతయు ప్రయాణము చేసినట్లు కాదు. ఇందు మన దేశమునుండి వెళ్లినదేదో, త్రోవలో చేరినదేదో వేఱుపఱచి చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

జపానులో ప్రసిద్ధమైన కథ యిది. 12వ శతాబ్దివాడైన తోబా చక్రవర్తి కొలువునకు తమామొ-నొ-మయె అను సుందరి వచ్చెను. చక్రవర్తి వ్యాధిగ్రస్తుడయ్యెను. ఆమె తొమ్మిది తోకల నక్క యని దైవజ్ఞుడొకడు కనిపెట్టగా, ఆమె పాఱిపోయి, నాసు మైదానమున వీరుల బాణములకు గూలి, 'సెస్షోసెకి' అను మృత్యుశిల యయ్యెను. తోచిగి మండలమున నేటికిని చూపబడుచున్న ఆ శిల 2022 మార్చిలో రెండుగా చీలినపుడు ఆ వార్త ప్రపంచమంతట వ్యాపించెను.

ఆ నక్కకు జపానునకు వచ్చుటకు ముందు మఱి కొన్ని చరిత్రలు గలవని కథకులు చెప్పిరి. చీనాలో అది దాజి, బావొసి అను రాణులుగాను, భారతదేశమున 'హన్‌జొకు' అను రాజకుమారుని యొద్దను ఉండెనట. హన్‌జొకు అనునది చీనా అక్షరములకు జపాను ఉచ్చారణము. దాని యర్థము 'మచ్చల పాదములు గలవాడు'. ఇది 'కల్మాషపాద' శబ్దమునకు చక్కని యనువాదము. ఈ నామము జపానునకు చేర్చిన గ్రంథములలో ముఖ్యమైనది రాజ్యరక్షణకై పారాయణము చేయబడిన కారుణికరాజ సూత్రము. దానికి క్రీ.శ. 765లో అమోఘవజ్రుడు చీనాభాషలో నూతన పాఠము సిద్ధపఱచెను. అందు హన్‌జొకు వేయిమంది రాజుల శిరస్సులను దేవతకు బలి యీయ సంకల్పించును. వేయవ రాజు ధర్మోపదేశముచే మాఱిపోవును.

కల్మాషపాదుడు తెలుగువారికి క్రొత్తవాడు కాడు. నన్నయ ఆదిపర్వమున అతడు వసిష్ఠపుత్రుడైన శక్తిచే శపింపబడి రాక్షసుడై, ఆ శక్తినే భక్షించినవాడు. పోతన నవమస్కంధమున అతడు గురువును ప్రతిశపింప జలము చేత బట్టి, భార్య మదయంతి వారింపగా, ఆ జలమును తన పాదములపై విడుచుకొని ఆ పేరు పొందినవాడు. బౌద్ధ పాఠము వేఱు. పాలి మహాసుతసోమ జాతకమున ఆ నరభక్షకుడు నూటొక్కమంది రాజులను చెట్టుదేవతకు బలి యిత్తునని మ్రొక్కుకొనును. ఇచ్చిన మాట తప్పక మరలివచ్చిన సుతసోముని సత్యమునకు లొంగి ఆ క్రూరవ్రతమును మానును. ఆ సుతసోముని నగరము ఇంద్రప్రస్థము. ఇండియా గేటునకు ఆవలనున్న పురానా ఖిల్లాయే ఆ స్థలమని సంప్రదాయము చెప్పును. కనుక మా విద్యార్థి ప్రశ్న తెలియకయే తన జన్మస్థానమునకు చేరువలో పుట్టినదన్నమాట.

గమనింపదగినదేమన, ఈ భారతీయ పాఠములలో ఎందును నక్క లేదు. అది జపానులో రెండు మెట్లలో ప్రవేశించెను. 'సెస్షోసెకి' అను నో నాటకమున ఆ నక్క హన్‌జొకు పూజించిన శ్మశానదేవత. అనగా బలిని కోరు దేవతా స్థానమున నక్క కూర్చున్నది. 19వ శతాబ్ది ఆరంభము నాటి 'సంగొకు యోఫుదెన్' అను సచిత్రకథలో అదే నక్క హన్‌జొకు ప్రియురాలైన కయో యయ్యెను. మా విద్యార్థి చెప్పిన 'రాణి' ఈమెయే. పోతన కథలో భార్య భర్త చేతిలోని శాపజలమును ఆపినది. జపాను కథలో ప్రియురాలు రాజుల శిరస్సులు తెమ్మని ప్రేరేపించినది. కావున కయో మదయంతికి రూపాంతరము కాదు. చీనా దాజికి భారతీయ వేషము.

అయినను నక్కకు భారతీయ సంబంధము బొత్తిగా లేదనరాదు. సంస్కృత 'శృగాల' శబ్దమును చీనా అనువాదకులు 'యెగన్' అనిరి. ఆ మృగము నెఱుగని జపానువారు దానిని తమ నక్కగా గ్రహించిరి. శృగాలమును నక్క యనియే పిలుచు తెలుగువానికి ఈ పొరపాటు వింత గొల్పదు. శ్మశానచారిణియైన మన డాకిని జపానులో 'దాకినితెన్' అయి తెల్లనక్క నెక్కినది. ఐచి మండలమందలి తొయొకావా ఇనారి ఆమె క్షేత్రము. ఇట్లు మనము పంపినవి రాజు పేరు, డాకిని పేరు, ఒక మృగము పేరు. నక్కస్త్రీని మాత్రము కాదు.

ఇక వీడియో ఆటలలోని దాడుల పేర్లు. 1996లో మొదలైన పోకెమాన్‌లో తొమ్మిది తోకల క్యూకొన్ నేర్వగల దాడులలో 'ఒనిబి' యొకటి. ఇది మన కొరివిదయ్యమే. 2010 నాటి ఫేట్/ఎక్‌స్ట్రాలో తమామొ ప్రయోగములు 'ఎన్‌తెన్', 'హ్యోతెన్' అనునవి. ఇందలి 'తెన్' దాకినితెన్‌లోని అక్షరమే. కాని అక్కడ దాని యర్థము దేవత, ఇక్కడ ఆకాశము. అక్షరసామ్యము చూచి దేవతను ఊహించుట తగదు. ఆమె మహాప్రయోగ నామము మాత్రము 'సుయితెన్' అని మొదలగును. జపాను బౌద్ధమున అది వరుణుని పేరు. దేవత పేర అస్త్రము పిలుచు పద్ధతి వారుణాస్త్రము నెఱిగిన మనకు పరిచితమే.

దీనితో 2013 నాటి ఫేట్/ఎక్‌స్ట్రా సిసిసిలోని కర్ణుని 'వాసవీశక్తి'ని పోల్చి చూడవలెను. భారతమున కర్ణుడు కవచకుండలముల నిచ్చి ఆ శక్తిని పొందెను. ఆటలోను దాని మూల్యము కవచమే. ఆటను రచించినవారు భారతకథ నెఱిగి పేరు గ్రహించిరి కనుక పేరుతో పాటు నియమమును వెళ్లినది. హన్‌జొకు అట్లు కాక అనేక శతాబ్దులు చేతులు మాఱి వెళ్లెను. కథ పోయి పేరు మిగిలెను.

పోయినదేమి? శాపవిమోచనము. నన్నయ కథలో కల్మాషపాదుని విముక్తుని చేసినవాడు పుత్రశోకము ననుభవించిన వసిష్ఠుడే; జాతకమున అతనిని మార్చినది సత్యము; సూత్రమున ధర్మము. నక్క ప్రవేశించిన తరువాత నేరము ఆమెపై బడెను. రాజు మాఱవలసిన యవసరము కథకు తీఱిపోయెను. కనుక మా విద్యార్థికి నా సమాధానమిది: నక్క మనది కాదు; మనదైన రాజు ఆ నక్క వెనుక దాగి యున్నాడు. అతనిని తిరిగి చూడవలెనన్న ఆదిపర్వమును, పాలి జాతకమును ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను.