వేపకొమ్మలు ఎండబెట్టింది ఎవరు? డి.ఎన్‌.ఎ. గుర్తులతో తెలుసుకుందాం



2021లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వేపచెట్లు కొసల నుంచి కిందికి నిప్పు తగిలినట్టు ఎండిపోయాయి. అప్పుడు మనలో చాలామంది చిన్న తరగతుల్లో ఉన్నాం. కొందరు ఎండదెబ్బ అన్నారు, కొందరు దిష్టి అన్నారు, సెల్ టవర్ల వల్ల అన్నవాళ్లూ ఉన్నారు. శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం (అంటే బూజు జాతిది) పట్టిందన్నారు. టీ దోమ అనే రసం పీల్చే పురుగు కూడా కనబడింది. ఈ శిలీంధ్రానికి 1997లోనే మన దేశంలో పేరు పెట్టారు.

మరి ఎండిన పుల్లను చూసి పేరెలా చెప్తారు? పాత పద్ధతి ఏంటంటే, పుల్ల ముక్కను బంగాళాదుంప రసం, చక్కెర, అగర్ కలిపిన పళ్లెంలో పెట్టి బూజు పెంచడం. దాని బీజాలను మైక్రోస్కోపులో చూడాలి. రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. పైగా చాలా బూజులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

ఇలా ఆకారం చూసి మోసపోవడం యూరప్‌లో జరిగింది. అక్కడ యాష్ అనే చెట్లు ఎండిపోతుంటే, అది ఎప్పటినుంచో రాలిన ఆకుల మీద హాని చెయ్యకుండా బతికే స్థానిక శిలీంధ్రమే అని 2009లో అనుకున్నారు. తర్వాత డి.ఎన్‌.ఎ. పోల్చి చూస్తే అచ్చం అలాగే కనిపించే వేరే జాతి అని తేలింది. అది తూర్పు ఆసియా నుంచి వచ్చింది.

మార్కర్ అంటే గుర్తు. మేకల మందలో చెవి కోత చూసి ఎవరి మేకో చెప్తాం గదా, అలాంటిది. శిలీంధ్రాల్లో ఐ.టి.ఎస్. అనే డి.ఎన్‌.ఎ. ముక్క ఉంది. దానికి రెండు పక్కలా ఉన్న జన్యువులు దాదాపు అన్ని శిలీంధ్రాల్లో ఒకటే, మధ్య ముక్క మాత్రం చాలావరకు జాతి జాతికీ మారుతుంది. 2012లో దీన్ని శిలీంధ్రాలకు బార్‌కోడ్‌గా ఒప్పుకున్నారు.

ముక్క చాలా కొంచెం ఉంటుంది కాబట్టి పి.సి.ఆర్. యంత్రంలో పెంచుతారు. కారీ ముల్లిస్ 1983లో ఆలోచించాడు, 1993లో నోబెల్ వచ్చింది. 95 డిగ్రీల దగ్గర డి.ఎన్‌.ఎ. రెండు పోగులుగా విడిపోతుంది. సుమారు 55 దగ్గర ప్రైమర్లు అనే చిన్న ముక్కలు అతుక్కుంటాయి. 72 దగ్గర ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. ప్రతిసారీ రెట్టింపు. 30 సార్లు చేస్తే ఒక్కటి 107 కోట్లు దాటుతుంది, నమ్మకపోతే లెక్కల నోట్సులో వేసి చూడండి! తర్వాత అక్షరాల వరుస చదివి, తెలిసిన శిలీంధ్రాలతో పోలుస్తారు. పక్కన ఉత్త నీళ్లతో ఒక గొట్టం కూడా పెడతారు. అందులో కూడా డి.ఎన్‌.ఎ. కనబడిందంటే ఎక్కడో కలిసిపోయిందన్నమాట, పరీక్ష మొత్తం మళ్లీ చెయ్యాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ నీళ్ల గొట్టమే.

అయినా ఒక్క గుర్తు చాలదు. ఫోమోప్సిస్ కుటుంబంలో పూర్వం ఏ చెట్టు మీద దొరికితే ఆ చెట్టు పేరే పెట్టేవారు. డి.ఎన్‌.ఎ. చూశాక ఒకే చెట్టు మీద నాలుగైదు జాతులుండొచ్చనీ, ఒకే జాతి చాలా చెట్ల మీద ఉండొచ్చనీ తెలిసింది. అందుకే మూడు నాలుగు జన్యువులు కలిపి చూస్తారు. ఇంకో సంగతి. డి.ఎన్‌.ఎ. దొరికింది కాబట్టి అదే దొంగ అని చెప్పలేం. ఎండుపుల్లలో ఎన్నో బూజులు తర్వాత వచ్చి చేరతాయి. దాన్ని మంచి మొక్కకి అంటించి, అదే జబ్బు వచ్చి, మళ్లీ అదే శిలీంధ్రం దొరికితేనే రుజువు.

మనకి ఇదంతా ఎందుకంటారా? ఈ శిలీంధ్రం వేపపూతనీ కాయనీ పాడుచేస్తుంది, గింజలో దాక్కుంటుంది. మన ఊళ్లల్లో గింజలు ఏరి అమ్ముకుంటాం, నర్సరీలో మొక్కలు పెంచుతాం. గింజ పైకి బాగానే కనబడొచ్చు. డి.ఎన్‌.ఎ. పరీక్షైతే విత్తకముందే పట్టిస్తుంది. మన స్కూల్లో ఆ యంత్రం లేదు గనుక, ఈ ఏడు నర్సరీకి కొసలు ఎండని చెట్ల కిందే గింజలు ఏరుదాం. కొసలు ఎండిన చెట్టుని కొట్టెయ్యనక్కర్లేదు, చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. వార్డెన్ గారు అనుమతిస్తే ఆదివారం ఎండుకొమ్మలు కోసి కాల్చేద్దాం. వాటిని పందుంపుల్లలకని దాచుకోకండి.

— 10వ తరగతి విద్యార్థి