మూడు మతములు, ఒక మూలము: యూదా, క్రైస్తవ, ఇస్లాం ధర్మముల తారతమ్య పరిశీలనము

హైదరాబాదు నగరమునకు నైరృతి దిశను, శంషాబాదునకు చేరువను, హిమాయత్ సాగరమను గొప్ప జలాశయము కలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచి వేలకొలది జనులను బలిగొనిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి రెండు జలాశయములు నిర్మింపబడెను. మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీయేటిపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ఈ రెండేఱులును దిగువను లంగర్ హౌజు వద్ద సంగమించును. 1948లో గాంధీమహాత్ముని చితాభస్మములో కొంత ఆ సంగమమునందు కలుపబడెను.

మూసా యనగా మోషే. ఈసా యనగా యేసు. ఈ యేఱుల పేర్లు ఆ ప్రవక్తల పేర్లేయని కొందఱు చెప్పుదురు. మూసీకి ముచుకుంద యను ప్రాతపేరును కలదు గనుక ఆ వ్యుత్పత్తిని సిద్ధాంతముగా నిలుపుట మా యుద్దేశము కాదు. అయినను ఆ మాట మన పాఠమునకు మంచి ప్రారంభము. యూదుల ధర్మదాతయగు మోషేను, క్రైస్తవుల ప్రభువగు యేసును ముసల్మానులు ప్రవక్తలుగా గౌరవించి, మూసా, ఈసా యని తమ బిడ్డలకు పేర్లు పెట్టుకొనుచున్నారు. మూడు మతములవారును అబ్రాహామును మూలపురుషునిగా చెప్పుకొందురు. మూలము ఒకటియైనప్పుడు భేదములు ఎచ్చట పుట్టినవి? ఆ భేదములు మన యిరుగుపొరుగు జీవనమున ఎట్లు కనబడుచున్నవి? ఇదియే నేటి విచారణ.

తెలుగునాట ఈ మతములను గూర్చి రెండు మాటలు తఱచు వినబడును. "వారి దేవుడు వేఱు, వీరి దేవుడు వేఱు" అనునది మొదటిది. "మతములన్నియు ఒక్కటే, భేదములు పండితులు కల్పించినవి" యనునది రెండవది. మొదటిది తెలియమినుండి పుట్టినది. రెండవది మంచి మనస్సునుండి పుట్టినదే గాని పరిశీలననుండి పుట్టినది కాదు. న్యాయస్థానమున ఒకే విచారణాంశమును అందఱి యెదుటను ఉంచి ఒక్కొక్కరి సమాధానమును వినునట్లు, ఇచ్చటను వినవలయును. గ్రంథమును గ్రంథముతోను, నడవడిని నడవడితోను పోల్చవలయునే గాని, మన గ్రంథమును పరుల నడవడితో పోల్చరాదు. ఒక మతమును గూర్చి మనము చెప్పినది విని, ఆ మతస్థుడు "అవును, మేము నమ్మునది ఇదియే" యనవలయును. ఈ నియమములతో ముందుకు సాగుదము.

1. దేవుడు

దేవుడొక్కడే, అతడే సృష్టికర్త, అతనికి విగ్రహము చేయరాదు అను విషయమున యూదులకును ముసల్మానులకును వివాదము లేదు. ఉదయ సాయంకాలములందు యూదులు పఠించు "షెమా" యను వాక్యమునకును, ముసల్మానుల కలిమాలోని మొదటి భాగమునకును ఏకేశ్వరత్వమే ప్రాణము. అల్లా యనునది వేఱొక దేవుని పేరని తలచువారు ఒక సంగతి గమనింపవలయును. అరబ్బీభాష మాటలాడు క్రైస్తవులును తమ బైబిలులో దేవుని అల్లా యనియే పిలుచుచున్నారు.

క్రైస్తవులును దేవుడొక్కడే యందురు. కాని ఆ యొక్క దేవుడు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ యను ముగ్గురు వ్యక్తులుగా ఉన్నాడని వారి విశ్వాసము. కుమారుడు తండ్రితో ఏకసారము గలవాడని 325వ సంవత్సరమున నైసీయ నగరమందు కూడిన సభ తీర్మానించెను. క్రైస్తవులు ముగ్గురు దేవుళ్లను పూజింతురనుట వారిపై మోపబడిన అపవాదు. అయితే ఈ త్రిత్వమును యూదులుగాని ముసల్మానులుగాని ఏకేశ్వరత్వముతో పొసగునట్టిదిగా ఒప్పుకొనరు. ఇది మాటల భేదము కాదు. మూడు మతముల నడుమ నున్న నిజమైన సరిహద్దు.

2. గ్రంథము

తెలుగు బైబిలులో రెండు భాగములకు "పాత నిబంధన", "క్రొత్త నిబంధన" యని పేర్లు కలవు. వ్యవహారజ్ఞులకు నిబంధన యను మాట తెలిసినదే. దాని ననుసరించి మూడు మతముల దృష్టిని సులభముగా గ్రహింపవచ్చును. యూదులకు దేవుడు మోషే ద్వారా తమ జాతితో చేసిన నిబంధన సంపూర్ణము. అది నేటికిని చెల్లుచున్నది. మోషే పంచకాండములగు తోరాయందు 613 ఆజ్ఞలు కలవని వారి పండితులు లెక్కించిరి. వాని యర్థమును తరతరముల గురువులు చర్చించిన మహాగ్రంథము తల్మూదు. క్రైస్తవులకు ఆ పాత నిబంధన సత్యమే. కాని యేసు మరణముచే క్రొత్త నిబంధన ఏర్పడి, పాతదాని యుద్దేశము నెఱవేరెను. ముసల్మానులకు తౌరాతు, ఇంజీలు అను పూర్వగ్రంథములు దైవదత్తములే. కాని నేడు జనులయొద్దనున్న ప్రతులు ఆ మూలములకు సరిగా లేవనియు, ఖురాను కడపటిదనియు, అక్షరము చెడని మూలమనియు వారి నమ్మకము.

ఈ భేదమువలననే భాషావిషయమునను భేదము కలిగినది. తెలుగు క్రైస్తవుడు తెలుగు బైబిలునే దేవవాక్యముగా చదివి తెలుగున ప్రార్థించును. ముసల్మాను ఏ దేశమువాడైనను నమాజును అరబ్బీలోనే చేయును; అనువాదము ఖురాను కాదు, దాని యర్థము మాత్రమే. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించి తెలుగువారికి మహోపకారము చేసిరి. ఆ గ్రంథమును చదివి ముసల్మానుల మతమును తెలిసికొనవచ్చును గాని, దానిని నమాజున పఠింపరు. యూదులును తమ ప్రార్థనలయందు హీబ్రూ భాషనే ముఖ్యముగా నిలుపుకొనిరి.

3. యేసు

మూడు మతములును ఒకచోట కలిసి, ఆ చోటనే విడిపోవునది యేసు విషయము. ఆయన యూదుడుగా పుట్టెను; ఎనిమిదవ దినమున సున్నతి పొందెనని లూకా సువార్త చెప్పుచున్నది. యూదులు ఆయనను మెస్సీయాగా అంగీకరింపరు. మెస్సీయా ఇంకను రావలసియున్నాడని వారి విశ్వాసము. క్రైస్తవులకు ఆయన దేవుని కుమారుడు. సిలువపై మరణించి, మూడవనాడు లేచి, మానవుల పాపమునకు ప్రాయశ్చిత్తమైనవాడు. ఖురానునందు ఆయనకు మసీహు అను బిరుదు కలదు. కన్యకయగు మర్యము కడుపున పుట్టెననియు కలదు. ఖురానున పేరుతో చెప్పబడిన స్త్రీ ఆ మర్యము ఒక్కతెయే. అయినను ఆయన ప్రవక్తయే గాని దేవుని కుమారుడు కాడనియు, ఆయనను శత్రువులు సిలువ వేయలేదనియు, దేవుడాయనను తనయొద్దకు ఎత్తుకొనెననియు ముసల్మానుల నమ్మకము.

ఇచ్చట "అందఱును ఒక్క యేసునే గౌరవించుచున్నారు" అని ఊరకుండుట సుళువు. కాని సిలువమరణము లేనిచో క్రైస్తవునకు రక్షణయే లేదు. ఆదాము చేసిన పాపము సంతతికి సంక్రమించినదని అతడు నమ్మును. యూదులును ముసల్మానులును అట్టి వారసత్వపాపమును ఒప్పుకొనరు. ఎవని పాపము వానిదే, పశ్చాత్తాపమే మార్గము. రోగమును గూర్చిన నిర్ణయము వేఱగుటచే మందును వేఱైనది.

4. ఆచారములు

విశ్రాంతి దినము: యూదులకు శుక్రవారము సూర్యాస్తమయమునుండి శనివారము రాత్రి పడువఱకు పనులు నిషిద్ధము. క్రైస్తవులు యేసు పునరుత్థానమైన ఆదివారమున కూడుదురు. ముసల్మానులకు శుక్రవారపు జుమా సామూహిక ప్రార్థన విధియే గాని, అది విశ్రాంతి దినము కాదు. నమాజు ముగిసినపిమ్మట పోయి జీవనోపాధిని వెదకికొనవచ్చునని ఖురానే చెప్పుచున్నది.

ప్రార్థన: యూదులకు దినమునకు మూడు వేళలు, ముసల్మానులకు ఐదు వేళలు నియతములు. క్రైస్తవులలో సామాన్యజనులకు ఇన్ని వేళలని నియమము లేదు. యూదులు యెరూషలేము వైపు తిరుగుదురు. ముసల్మానులును మొదట ఆ వైపే తిరిగియుండిరి. 624లో మక్కా వైపు తిరుగునట్లు విధింపబడిరి.

దానము: జకాతు ఇస్లామున ఐదు మూలస్తంభములలో ఒకటి, నియత పరిమాణమునకు మించిన ధనము ఏడాది నిలిచినచో నలువదింట ఒక వంతు పేదలకు ఈయవలయును. బైబిలులోని దశమభాగమును తెలుగు క్రైస్తవులు తమ సంఘములకు అర్పించుచున్నారు.

ఆహారము: యూదులకు పందిమాంసము, రక్తము నిషిద్ధములు, మాంసమును పాలతో కలిపి తినరాదు, చేపలలో పొలుసును ఱెక్కలును గలవే తినదగినవి. ముసల్మానులకు పంది, రక్తము, చచ్చిన జంతువు, అన్యుల పేర బలియిచ్చినది నిషిద్ధములు. తెలంగాణపు పల్లెలలో హిందువులును మేకను ముల్లాచే హలాలు చేయించుట కలదు. మద్యవిషయమున యూదులును క్రైస్తవులును ద్రాక్షారసమును పూజయందే వాడుదురు. ఇస్లాము దానిని పూర్తిగా నిషేధించినది. క్రైస్తవులలో తొలినాటి పెద్దలు యెరూషలేమున కూడి, అన్యజనులకు సున్నతి అక్కఱలేదని నిర్ణయించిరి. యూదులకు మగబిడ్డ పుట్టిన ఎనిమిదవ దినమున అది విధి. తెలంగాణలో ఒడుగులని పిలువబడు ముసల్మానుల సున్నతికి ఖురానులో ఆజ్ఞ లేదు. ప్రవక్త సంప్రదాయమే దానికి ప్రమాణము.

5. పండుగలు

మన పంచాంగమున అధికమాసము చేర్చి ఉగాదిని వసంతమునందే నిలుపుదుము గదా. యూదులును అట్లే పందొమ్మిది సంవత్సరములలో ఏడు అధికమాసములను చేర్చి పస్కాపండుగను వసంతమునందు నిలుపుదురు. ఇస్లాము అధికమాసమును త్రోసివేసినది. కావున రంజాను ఏటేట సుమారు పదునొకండు దినములు వెనుకకు జరిగి ఎండకాలమునను చలికాలమునను వచ్చును. ఉపవాసమున కొన్ని తరములకు ఎండలును, మఱికొన్నిటికి చలియు అబ్బుననుకొనరాదు. సుమారు ముప్పదిమూడేండ్లలో ఒక్కొక్కనికే అన్ని ఋతువులును ఎదురగును.

తెలంగాణమున పీర్లపండుగను ఎఱుగనివారు లేరు. ముహర్రము పదవ దినమున, 680లో, కర్బలాయందు హుసేనుగారు హతులైరి. అంతకు పూర్వమే ఆ దినమునకు వేఱొక ప్రాశస్త్యము కలదు. ఫరో బారినుండి మోషే విడిపింపబడిన దినమని యూదులు ఉపవసించుట చూచి, ప్రవక్తయు ఉపవసించెనని హదీసులలో కలదు. మన పల్లెలలో పీర్లనెత్తి గుండముచుట్టు ఆడు హిందువులకు ఆ దినమున మోషే స్మరణయు ఉన్నదని తెలిసినచో ఎంత ఆశ్చర్యము కలుగును!

6. కొత్తరెడ్డిపాలెము సాక్ష్యము

ఈ భేదములు పుస్తకములలోనివే యనువారికి గుంటూరు మండలమున చేబ్రోలు దాపుననున్న కొత్తరెడ్డిపాలెము సమాధానము చెప్పును. అచ్చట బెనె ఎఫ్రాయిము అను చిన్న సమాజము కలదు. వీరు మాదిగ కులమున పుట్టి, బాప్తిస్టు క్రైస్తవులుగా నుండిన కుటుంబములవారు. ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో వీరు తాము ఇశ్రాయేలు గోత్రములలోని ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించి, ప్రార్థనామందిరమును నెలకొల్పి, ఆదివారమును విడిచి శనివారమును పాటింపసాగిరి, హీబ్రూ నేర్చుకొనసాగిరి. వీరి వంశవాదమును ఇతర యూదులందఱును ఒప్పుకొనుట లేదు.

వంశనిర్ణయము చేయుట మా పని కాదు. మేము గమనించునది వేఱు. భాష మాఱలేదు, ఊరు మాఱలేదు, చదువు పాతనిబంధన పూర్వమునుండి ఉన్నదే. అయినను దినము మాఱెను, ఆహారము మాఱెను, ప్రార్థన మాఱెను. మతములన్నియు ఒక్కటే యైనచో పేదలైన ఈ జనులు ఇంత శ్రమను ఏల కోరుకొందురు? అంటరానివారని తరతరములు త్రోయబడిన మనుష్యులు, దేవుని యెదుట తమ పేరేమి, తమ స్థానమేమి యని అడిగి, దానికొఱకు జీవితమునే మార్చుకొనిరి. తెలుగునాట చర్చీలలోను కులభేదము చొచ్చియున్నదని తెలిసినవారు ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయలేరు.

7. ఫలితము

చదువరులారా, ఈ పాఠమువలన కలుగవలసినది వాదసామర్థ్యము కాదు. పొరుగువాడు మనమిచ్చిన ప్రసాదమును పుచ్చుకొననప్పుడు మనస్సు నొచ్చుట సహజము. అతని నిరాకరణము మనపై ద్వేషము కాదు, మోషేకు ఈయబడిన మొదటి ఆజ్ఞనుండి వచ్చినదని యెఱిగినచో నొప్పి తగ్గును. ప్రసాదము నిచ్చినవాడు ప్రేమతో ఇచ్చెనని పుచ్చుకొననివాడును అట్లే యెఱుగవలయును. హిమాయత్ సాగరమునకు దాపున, 2008లో తెఱువబడిన శంషాబాదు విమానాశ్రయమునుండి హజ్జు యాత్రికులు ఏటేట బయలుదేరుచున్నారు; యెరూషలేమునకు పోవు తెలుగు క్రైస్తవులును కలరు. వారిని సాగనంప వచ్చినవారు ఒకే వసారాలో నిలిచి, ఒకే భాషలో కన్నీరు తుడుచుకొందురు. వారి గమ్యములు వేఱు. ఆ వేఱుతనమును చెఱపివేయక, దానిని తెలిసికొని ఆదరించుటయే స్నేహము.

సామ్యమును చూచుట సుళువు. భేదమును గౌరవించుట కష్టము. కావున పొరుగువారి మతమును గూర్చి ఒక మాట వినినప్పుడు, దానిని నలుగురికి చెప్పుటకు ముందు, ఆ మతస్థునే "మీరు నమ్మునది ఇదియేనా?" యని అడుగుడు. ఈ యొక్క ప్రశ్నను అడుగు అలవాటు మన పేటలలో నాటుకొనెనా, అపవాదులలో సగము పుట్టకముందే చచ్చును.