నిలువని దీపం

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంట్లోని ఉపకరణం మొరాయించినప్పుడు కారణాన్ని క్రమపద్ధతిలో అన్వేషించడం, అందులో ఇమిడి ఉన్న రక్షణోపాయం విలువను గుర్తించడం, శాస్త్రవిషయాన్ని సరళమైన తెలుగులో వివరించే తీరును పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

దీపం ఆరిపోయిందని చెప్పడానికి తెలుగువారికి నోరు రాదు. ‘దీపం కొండెక్కింది’ అంటారు. అంతటితో ఊరుకోరు, ఎందుకు కొండెక్కిందో చూస్తారు. ప్రమిదలో నూనె ఇంకిపోయిందా, వత్తి కొడిగట్టిందా, గాలి సోకిందా అని పరిశీలిస్తారు. నూనె పోసి, కొడి దులిపి, చేయి అడ్డుపెట్టి మళ్లీ వెలిగిస్తారు. ఇంటింటా పెద్దలు చేసే ఈ చిన్న పనిలో కారణాన్వేషణకు కావలసిన క్రమమంతా ఉంది. ప్రమిద స్థానంలో యంత్రం వచ్చినా ఆ క్రమం మారదు.

అమెరికా, కెనడా వంటి దేశాల్లో చాలా ఇళ్లకు గొట్టాల ద్వారా సహజవాయువు సరఫరా అవుతుంది. నేలమాళిగలోనో, ఒక మూల గదిలోనో నిలువెత్తు నీళ్ల ట్యాంకు ఉంటుంది. దాని అడుగున పెద్ద బర్నరు, ఆ బర్నరు పక్కనే చిటికెనవేలంత చిన్న జ్వాల ఉంటాయి. నీరు చల్లబడినప్పుడల్లా పెద్ద బర్నరును అంటించడానికి ఈ చిన్న జ్వాల రాత్రింబగళ్లు వెలుగుతూ ఉండాలి. దీనినే పైలట్ దీపం అంటారు. కొత్త ఉపకరణాల్లో చాలావాటికి విద్యుత్ స్ఫులింగంతో అంటించే ఏర్పాటు వచ్చింది. అయినా పాత ఇళ్లలో పైలట్ దీపాలు ఇంకా కనిపిస్తాయి. ఉన్నత విద్య కోసం వెళ్లి అద్దె ఇళ్లలో దిగే తెలుగు విద్యార్థులకు ఇవి కొత్త.

గడ్డకట్టే చలిలో ఒక ఉదయం కుళాయి తిప్పితే చన్నీళ్లు వస్తాయి. కిందికి వెళ్లి చూస్తే దీపం ఉండదు. ట్యాంకు మీద అతికించిన సూచనల ప్రకారం నాబును ‘పైలట్’ గుర్తు వద్దకు తిప్పి, అదిమి పట్టి వెలిగిస్తే జ్వాల చక్కగా అంటుకుంటుంది. చేయి తీసిన మరుక్షణం ఆరిపోతుంది. మళ్లీ వెలిగించినా అదే వరస. అప్పుడు విసుగుతో యంత్రాన్ని నిందించడం సహజం. కాని యంత్రం ఎందుకు ఆర్పుతున్నదో తెలిసినవారికి ఆ విసుగు ఉండదు.

పైలట్ జ్వాలలో ఒక సన్నని లోహపు కడ్డీ కొన మునిగి ఉంటుంది. దాని పేరు థర్మోకపుల్. భౌతికశాస్త్ర గ్రంథాల్లో దీనిని ఉష్ణయుగ్మం అంటారు. రెండు వేర్వేరు లోహాలను కలిపి, ఒక సంధిని వేడిచేసి రెండవదానిని చల్లగా ఉంచితే విద్యుత్తు పుడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త థామస్ యోహాన్ సీబెక్ 1821లో కనుగొన్న ఈ విషయాన్ని ‘సీబెక్ ఫలితం’ అంటారు. పైలట్ జ్వాల వేడికి ఈ కడ్డీలో పుట్టే విద్యుత్ పీడనం సుమారు 20 నుండి 30 మిల్లీవోల్టులు. గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీతో పోలిస్తే అది యాభయ్యో వంతో, అంతకన్నా తక్కువో.

అంత స్వల్పమైన శక్తి కవాటాన్ని తెరవలేదు. తెరిచి ఉన్న కవాటాన్ని పట్టి ఉంచడానికి మాత్రం సరిపోతుంది. అందుకే మొదట మనిషి నాబును అదిమి కవాటాన్ని తెరవాలి. కడ్డీ వేడెక్కేవరకు, అంటే అర నిమిషం నుండి ఒక నిమిషం వరకు, చేయి తీయకూడదు. ఆ తరువాత కవాటంలోని చిన్న విద్యుదయస్కాంతం ఆ బాధ్యతను స్వీకరిస్తుంది. ఎప్పుడైనా జ్వాల ఆరితే కడ్డీ చల్లబడుతుంది, అయస్కాంతం బలం కోల్పోతుంది, స్ప్రింగు కవాటాన్ని మూసివేస్తుంది. మండని వాయువు గదిలోకి రాదు. ఇంట్లోవారు నిద్రలో ఉన్నా ఈ కాపలా ఆగదు.

ఈ కాపలా విలువ తెలియాలంటే మండని వాయువు ఏమి చేయగలదో తెలియాలి. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి పాఠశాలలో నేల కింద చేరిన సహజవాయువు ఒక విద్యుత్ పరికరం నుండి వచ్చిన నిప్పురవ్వకు అంటుకొని పేలింది. దాదాపు 300 మంది మరణించారు. వారిలో అధికులు పిల్లలే. సహజవాయువుకు స్వతహాగా వాసన లేదు కనుక అది చేరుతున్నట్లు ఎవరూ పసిగట్టలేకపోయారు. ఆ విషాదం తరువాతే వాయువులో ఘాటైన వాసనద్రవ్యాన్ని కలపాలన్న నియమం బలపడింది.

కాబట్టి దీపం నిలవనప్పుడు చేయవలసిన మొదటి పని వాసన చూడటం. నేల దగ్గర కూడా చూడాలి. వాసన వస్తే అగ్గిపుల్ల గీయరాదు, విద్యుత్ స్విచ్చు వేయరాదు, తీయరాదు. అందరూ బయటికి వెళ్లి, అక్కడినుండి వాయు సరఫరా సంస్థకు ఫోను చేయాలి. వాసన లేకపోతే నాబును మూసి, కనీసం ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించాలి.

మొదటిది నూనె వంటిది, అంటే వాయువు. సరఫరా కవాటం పూర్తిగా తెరిచి ఉన్నదా? చాలాకాలం వాడని గొట్టంలో గాలి చేరి ఉంటుంది. అది పోయేవరకు జ్వాల సరిగా అందదు. నాబును తగినంతసేపు అదిమి పట్టకపోవడం కూడా తరచుగా జరిగే పొరపాటే.

రెండవది కొడి వంటిది. పైలట్ గొట్టం కొననున్న రంధ్రం సూదిమొనంత సన్ననిది. దుమ్ము, మసి, సాలెగూడు ఏది అడ్డుపడినా జ్వాల నీరసించి, పసుపురంగుకు తిరిగి, కడ్డీని తాకకుండా ఊగుతుంది. ఆరోగ్యంగా ఉన్న జ్వాల నీలంగా, స్థిరంగా ఉండి, కడ్డీ కొనను అరంగుళం మేర చుట్టుకొంటుంది.

మూడవది గాలి. చలించని మనస్సును గాలి సోకని చోటి దీపంతో పోల్చడం ప్రాచీన వాఙ్మయంలో ప్రసిద్ధం. పైలట్ దీపానికీ అటువంటి చోటే కావాలి. తలుపు సందులోనుండి వచ్చే ఈదురుగాలి గాని, పొగగొట్టం నుండి వెనుకకు తన్నే గాలి గాని దానిని ఆర్పగలదు.

ఈ మూడూ ప్రమిదకు ఉన్నవే. నాలుగవది యంత్రానికే ప్రత్యేకం. అది కాపలాదారు అలసట. జ్వాల బలంగా ఉండి, నిమిషంపాటు అదిమినా చేయి తీయగానే ఆరుతున్నదంటే అనుమానం కడ్డీ మీదికి వెళ్లాలి. అది జ్వాలలో సరిగా మునగకపోవచ్చు, కవాటం వద్ద దాని బిగింపు వదులై ఉండవచ్చు, ఏళ్ల తరబడి కాలి అరిగిపోయి ఉండవచ్చు. పనివాడు మల్టీమీటరుతో మిల్లీవోల్టులను కొలిచి నిర్ధారిస్తాడు. కడ్డీ బాగున్నా దీపం నిలవకపోతే దోషం కవాటంలో ఉన్నట్లు. కడ్డీ ఖరీదు స్వల్పం. కవాటం ఖరీదు ఎక్కువ. క్రమం తప్పి మొదటే కవాటాన్ని మార్పిస్తే డబ్బు వృథా అవుతుంది. అయితే కడ్డీని గాని, కవాటాన్ని గాని విప్పే పని శిక్షణ పొందినవారిదే.

కొందరు విసిగి, నాబును అదిమిన స్థితిలోనే తాడుతో కట్టివేస్తారు. ఇంతకన్నా ప్రమాదకరమైన పని లేదు. దొంగను చూసి మొరిగే కుక్క నోరు కట్టి నిద్రపోవడం వంటిది అది. పసుపు జ్వాలను ఉపేక్షించడమూ అంతే ప్రమాదం. వాయువు అసంపూర్ణంగా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగూ వాసనా లేని ఆ విషవాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా బంధం ఏర్పరచుకొని ప్రాణం తీస్తుంది.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. మంట ఆరితే వాయువును ఆపే పొయ్యిలు మన వంటిళ్లలోకి కూడా వచ్చాయి. వాటిలోనూ ఈ కడ్డీయే కాపలా కాస్తుంది. గాలి ఆడని స్నానాలగదుల్లో గ్యాస్ గీజరు వాడి ప్రాణాలు కోల్పోయినవారు మన దేశంలోనూ ఉన్నారు. మన సిలిండర్లలోని ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది కనుక నేలబారున పేరుకొంటుంది. అది లీకైతే ఫోను చేయడానికి 1906 అనే అత్యవసర సంఖ్య ఉంది.

చలిలో వణుకుతూ పదిసార్లు వెలిగించినా నిలవని దీపం మీద కోపం రావడం సహజమే. కాని ఆ దీపాన్ని ఆర్పుతున్న కవాటం తనకు అప్పగించిన పనినే చేస్తున్నది. జ్వాల ఉన్నదన్న నమ్మకం కలగనంతవరకు అది వాయువును వదలదు. ఆ నమ్మకం ఎక్కడ తెగిందో వెదకడమే మరమ్మతు.

అర్థాలు

కొడి : కాలిన వత్తి కొనన చేరే నుసి
స్ఫులింగం : నిప్పురవ్వ
కవాటం : వాయువును వదిలే, ఆపే తలుపు వంటి భాగం
ఉపేక్షించు : పట్టించుకోకుండా వదలివేయు
వాఙ్మయం : సాహిత్యం

సంధులు

రక్షణోపాయం = రక్షణ + ఉపాయం – గుణసంధి
కారణాన్వేషణ = కారణ + అన్వేషణ – సవర్ణదీర్ఘసంధి
విద్యుదయస్కాంతం = విద్యుత్ + అయస్కాంతం – జశ్త్వసంధి

ప్రశ్నలు

1. దీపం నిలవకపోవడానికి గల నాలుగు కారణాలను ప్రమిదతో పోల్చి వివరించండి.
2. చేయి తీయగానే పైలట్ దీపం ఆరిపోవడం రక్షణ ఏర్పాటు అని ఎట్లా చెప్పగలరు?
3. వాయువు వాసన వచ్చినప్పుడు ఏమి చేయాలి? ఏమి చేయరాదు?
4. సీబెక్ ఫలితం అంటే ఏమిటి?
5. ‘దీపం కొండెక్కడం’, ‘కొడిగట్టడం’ అనే జాతీయాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.