తెల్ల ఫ్రేములు తీసెయ్, బాబాయిని ఉంచు

న్యూఢిల్లీ

బుజ్జీ,

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ చూశాను. 1983 చలికాలంలో మా మేనమామ అమెరికా నుంచి తెచ్చిన సూపర్ 8 కెమెరాతో అశోకా రోడ్డులో తీసిన రీలు అది. పెళ్లిలో వేసే ముందు అక్కర్లేని ఫ్రేములన్నీ కోసేస్తానన్నావు. కొయ్యి, కాదనను. కానీ ఏది అక్కర్లేదో తేల్చే దగ్గర తొందరపడుతున్నావు.

కొన్నింటికి మొహమాటం అవసరం లేదు. షాటు మొదట్లో భగ్గున తెల్లబడే ఒకటి రెండు ఫ్రేములున్నాయే, బటన్ నొక్కాక మోటారు వేగం అందుకునేలోపు ఫిల్ముకు వెలుతురు ఎక్కువ తగిలి అలా అవుతాయి. రీలు కొసన కనిపించే నారింజ మచ్చలు కూడా లోపలికి దూరిన వెలుతురే. రెండూ తీసెయ్. ఇంకో రకం ఉంది. మామయ్య తీసింది సెకనుకు 18 ఫ్రేములు, రీలును డిజిటల్ చేసిన స్టూడియోవాళ్లు నీకిచ్చింది 25. మిగతా ఏడూ ఎక్కడివి? పక్క ఫ్రేమునే రెండోసారి వేశారు, లేదంటే రెండింటినీ కలిపి ఒకటి చేశారు. మీ నానమ్మ చెయ్యి ఊపినప్పుడు రెండు చేతులు కనిపించడం అందుకే. వాటిని ఒక్కొక్కటిగా ఏరుతూ కూర్చుంటే కళ్లు పోతాయి. ఫ్రేముకు ఫ్రేము స్కాన్ చేసిన ఫైలు, కుదించనిది, అడిగి తెచ్చుకో. యాభై అడుగుల రీలంటే 3,600 ఫ్రేములే, మూడు నిమిషాల ఇరవై సెకన్లు. నీ దగ్గరున్న ఎంపీ4లో నిండు బొమ్మ అప్పుడొకటి అప్పుడొకటి ఉంటుంది, మధ్యవన్నీ తేడాల లెక్కలు. నువ్వు కోసిన చోట బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరింది అందువల్లే.

ఇక నువ్వు ‘చెత్త’ అని రాసిన చోటు. హైదరాబాద్ హౌస్ గోడ దగ్గర మామయ్య కెమెరాని గిర్రున తిప్పాడు, బొమ్మంతా ఊగిపోయింది. ఆ ఊపులోనే ఇండియా గేట్ దగ్గరి ఛత్రి ఒక్క క్షణం కనిపిస్తుంది, ఖాళీగా. ఐదో జార్జి విగ్రహాన్ని అక్కణ్ణుంచి 1968లో తీసేశారు. 2022లో నేతాజీ విగ్రహం వచ్చేదాకా అందులో ఎవరూ లేరు. నా ఉద్యోగ కాలమంతా నేను చూసిన ఛత్రి అదే. మొన్న ఆంధ్రా భవన్‌లో భోజనానికి వెళ్లి (ఆ క్యూ గురించి చెప్పకపోవడం మేలు) అటువైపు నడిచాను. నిజాం కోసం లట్యెన్స్ గీసిన హైదరాబాద్ హౌస్‌లో ఇప్పుడు విదేశీ అతిథులకు విందులిస్తున్నారు. గేటు ముందు తీరిగ్గా కెమెరా తిప్పుతానంటే కాపలావాళ్లు ఊరుకోరు. ఊగితే ఊగింది, ఉంచు.

అసలు సంగతి బాబాయిది. పొలం గొడవ తర్వాత వాడి మొహం చూడని మీ నాన్న, వాడున్న ఫ్రేములన్నీ తీసేయమన్నాడని రాశావు. నా తమ్ముళ్లిద్దరి సంగతీ నాకు తెలుసు. పెళ్లిలో వేసే కాపీ వరకు నాన్న మాట విను, మంటపంలో రభస వద్దు. అసలు ఫైలు జోలికి మాత్రం పోకు. ఆ రోడ్డు మీద మా అమ్మని చెయ్యి పట్టుకుని దాటిస్తున్నది వాడే. వాణ్ణి తీసేస్తే అమ్మ కూడా పోతుంది. ఆవిడ నడుస్తున్న ఫిల్ము మనింట్లో ఇంకోటి లేదు.

1963లో డల్లాస్‌లో కెనెడీ హత్యని అబ్రహాం జప్రూడర్ అనే దుస్తుల వ్యాపారి తన ఇంటి కెమెరాతో తీశాడు, మొత్తం 486 ఫ్రేములు. తర్వాత ఒక పత్రికవాళ్ల చేతుల్లో కొన్ని ఫ్రేములు పాడయ్యాయి. తీసిన రోజే కాపీలు చేయించాడు కాబట్టి ఆ బొమ్మలు వాటిలో బతికాయి. నువ్వూ ముందు రెండు కాపీలు వేరే వేరే చోట్ల పెట్టి, తర్వాత కత్తెర తియ్యి.

డిజిటల్ అయ్యింది కదా అని రీళ్లు పారేయకు. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన కొట్టేది ఉంటే దాన్ని విడిగా పెట్టు, ఆ జబ్బు పక్కవాటికీ పాకుతుంది.

ఫుట్‌పాత్ మీద వరసగా నిలబడ్డవాళ్లలో ముగ్గురు నాకు కూడా గుర్తుకు రావడం లేదు. విజయవాడలో మీ చిన్ననానమ్మకి తెలుస్తుంది. ఆవిడ చూపు ఇంకా బాగానే ఉంది. ఏమీ కోయని రీలు ఈ నెలలోనే ఆవిడకి చూపించి పేర్లు రాసుకో, నాకూ రాసి పంపు. అప్పటిదాకా ఒక్క ఫ్రేమూ ముట్టుకోకు.

మీ పెదనాన్న