స్టీరింగు ముందు, క్రూయిజ్ తర్వాత

ఆన్ ఆర్బర్, మిషిగన్
నవంబరు 9

చిరంజీవి శ్రావ్యకు,

నీ మెసేజీ చూశాను. ఇలాంటివి ఫోనులో చెబితే సగం గాలికి పోతాయి, అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివి పక్కన పడెయ్యకు, బండి దగ్గరికి తీసుకెళ్ళి అక్కడ చదువు.

నువ్వు కొన్నది 2006 నాటి కారు. నీ ఫిర్యాదులు నాలుగు. క్రూయిజ్ కంట్రోల్, అదే కాలు తీసినా వేగం నిలిపేది, పట్టడం లేదు. హారన్ ఒక్కోసారి మోగడం లేదు. పొద్దున్నే స్టీరింగు బరువుగా తిరుగుతూ మూలుగుతోంది. హైవే మీద అరవై మైళ్ళ వేగం దగ్గర స్టీరింగు చేతుల్లో వణుకుతోంది. షాపువాడు ఇవన్నీ విని స్టీరింగు రాక్ (ముందు చక్రాలను పక్కకు తిప్పే భాగం) మార్చాలి, వెయ్యి డాలర్ల పైమాటే అన్నాడట. అనొచ్చు, అది నిజం కూడా కావచ్చు. కానీ డబ్బు కట్టేముందు ఒక కాగితం తీసుకుని, ఏ ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, దానితో పాటు ఇంకేం వస్తోంది అన్నది రాసుకో. పాత బండి మరమ్మతులో సగం పని ఆ కాగితం మీదే అయిపోతుంది.

నువ్వు రాసినదాన్ని బట్టి నాకు మూడు జట్లు కనబడుతున్నాయి. క్రూయిజ్, హారన్ ఒక జట్టు. బరువు, మూలుగు ఇంకో జట్టు. వణుకు విడిగా మూడోది. వీటిలో రాక్ తప్పు కావడానికి ఎక్కువ వీలున్నది రెండో జట్టులోనే. అక్కడ కూడా రాక్ కంటే ముందు అనుమానించాల్సినవి ఉన్నాయి.

ముందు స్టీరింగు సంగతి చూద్దాం. క్రూయిజ్ లేకపోతే కాలు నొప్పి పుడుతుంది, అంతే. స్టీరింగు నమ్మకంగా లేనప్పుడు హైవే ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

వణుకుతో మొదలుపెట్టు. ఒక వేగం దగ్గర మొదలై, ఆ వేగం దాటాక తగ్గితే అది చాలావరకు వీల్ బ్యాలెన్సింగ్ లోపమే. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కులు చూడాలి. బండి ఒక పక్కకు లాగుతుంటే మొదట నాలుగు టైర్లలో గాలి సరిచూడు. అయినా లాగితే ముందు టైర్లు రెండూ ఒకదాని చోట ఒకటి మార్పించు (ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లయితే వద్దు). లాగడం రెండో పక్కకు మారితే తప్పు టైరుదే. మారకపోతే అలైన్‌మెంట్ చూపించు. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత వచ్చే అంకెల్లో చివరి నాలుగూ చదువు. 2419 అని ఉంటే 2019లో ఇరవై నాలుగో వారం తయారైందని అర్థం. పాత బండి కొన్నవాళ్ళు ఇంజను చూస్తారుగానీ టైరు వయసు చూడరు. పక్కగోడ మీద పగుళ్ళున్నా, ఉబ్బు కనిపించినా బ్యాలెన్సింగ్‌తో సరిపెట్టకుండా టైరే మార్పించు.

ఇక బరువు, మూలుగు. నీ బండిది నూనె ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగ్. ఇంజను బెల్టు పంపును తిప్పుతుంది, పంపు నూనెను రాక్‌లోకి తోస్తుంది. బానెట్ ఎత్తి ఆ నూనె డబ్బా చూడు. మట్టం తగ్గిందా, నురగ ఉందా, నల్లబడి మాడు వాసన వస్తోందా? నూనె తగ్గితే పంపు గాలి పీల్చుకుని మూలుగుతుంది. బెల్టు వదులైతే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు కీచుమంటుంది. నూనె పోసేముందు మాన్యువల్ తప్పకుండా చదువు. కొన్ని బండ్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె పడుతుంది, కొన్నిటికి ఆ కంపెనీ చెప్పిన నూనె తప్ప ఇంకేం పోసినా సీళ్ళు చెడతాయి. లీకులు ఆపుతామని సీసాల్లో అమ్మే మందుల జోలికి పోకు.

నూనె దానంతట అది తగ్గదు, ఎక్కడో కారుతోంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచు, పొద్దున మరక ఎక్కడ పడిందో చూడు. రాక్‌కు రెండు చివరలా ముడతలు ముడతలుగా రబ్బరు తొడుగులుంటాయి. వాటి లోపల నూనె చేరి ఉంటే రాక్ సీళ్ళు పోయినట్టే, షాపువాడి మాట నిజమే. పొడిగా ఉంటే మాత్రం తొందరపడకు. గొట్టమో, పంపో, బెల్టో అయి ఉండొచ్చు. వాటిలో చాలావాటికి రాక్‌కయ్యేంత ఖర్చు కాదు.

స్టీరింగులో వదులు కూడా ఒకసారి చూడాలి. చదునైన చోట ఇంజను నడుస్తుండగా, గేరు పార్కులో, హ్యాండ్ బ్రేకు వేసి, నీ రూమ్మేట్‌ను సీట్లో కూర్చోబెట్టు. ఆమె స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతుంటే నువ్వు పక్కనుంచి టార్చి వేసి ముందు చక్రాల వెనక చూడు. రాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివర కదిలాక ఒక్క క్షణం ఆలస్యంగా చక్రం కదిలితే ఆ కీలు అరిగింది. పెడల్స్ దగ్గర టక్కుమని చప్పుడొస్తే స్టీరింగు కడ్డీ కీలు చూడాలి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి మాత్రం ఎప్పుడూ దూరకు. టై రాడ్‌లోగానీ బాల్ జాయింట్‌లోగానీ వదులు కనిపిస్తే బండి షాపుకి తప్ప ఇంకెక్కడికీ కదలకూడదు.

ఇప్పుడు నీకు ఇష్టమైన క్రూయిజ్. దాన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కు చూపు లేదు. ఇండియానాలోని హేగర్స్‌టౌన్ మనిషి, చిన్నప్పుడే ప్రమాదంలో చూపు పోయింది. ఒక లాయరు బండిలో వెళుతుంటే, అతను మాట్లాడేటప్పుడు వేగం తగ్గుతూ, వినేటప్పుడు పెరుగుతూ ఉండేదట. ఆ కుదుపులు భరించలేక టీటర్ ఈ పరికరం మీద పడ్డాడని చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ ఇంపీరియల్ కారులో అమ్మకానికి వచ్చింది. బండి ఏం చేస్తోందో ఒంటితో పట్టుకున్న మనిషి ఆయన. నీకు కళ్ళు కూడా ఉన్నాయి కదా.

క్రూయిజ్ పట్టాలంటే బండిలో చాలామంది సరేననాలి. స్టీరింగు మీది మీట, వేగం చెప్పే సెన్సరు, బ్రేకు పెడల్ స్విచ్, ఇంజను కంప్యూటరు. ఏ ఒక్కరు కాదన్నా అది పట్టదు, ఎందుకు పట్టలేదో చెప్పదు కూడా. మామూలుగా పాతిక మైళ్ళలోపు వేగంలో అసలు పట్టదు, అది లోపం కాదు. చౌకవాటినుంచి వరసగా చూసుకురా. ఫ్యూజులు చూడు. బ్రేకు తొక్కుతుంటే వెనక ఎవరినైనా నిలబెట్టి మూడు లైట్లూ వెలుగుతున్నాయో, వదిలితే ఆరుతున్నాయో చూడమను. పాత బండ్లలో పెడల్ స్విచ్‌ను నొక్కి ఉంచే చిన్న రబ్బరు బిళ్ళ పొడైపోతుంది. అప్పుడు బ్రేకు లైట్లు ఆరవు, క్రూయిజ్ పట్టదు. కాలికింది మ్యాట్ మీద ఆ ముక్కలు కనబడితే చాలా తక్కువలో బయటపడ్డట్టే. స్పీడోమీటరు ముల్లు ఎగిరిపడుతుంటే వేగం సెన్సరును అనుమానించు. చెక్ ఇంజన్ లైటో ఏబీఎస్ లైటో వెలుగుతుంటే చాలా బండ్లు తామే క్రూయిజ్‌ను ఆపేస్తాయి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి పెట్రోలు కారుకూ డ్యాష్‌బోర్డు కింద లోపాల కోడ్లు చదివే సాకెట్టు ఉంటుంది. విడిభాగాల దుకాణాల్లో చాలాచోట్ల ఊరికే చదివిపెడతారు.

కానీ నీ విషయంలో హారన్ కూడా మూగబోతోంది కదా, అందుకే నా అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీద. స్టీరింగు చక్రం వెనక గడియారం స్ప్రింగులా చుట్టిన పల్చటి తీగపట్టీ అది. చక్రం తిరుగుతున్నా హారన్, క్రూయిజ్ మీటలు, ఎయిర్‌బ్యాగ్ వీటి కరెంటు తెగకుండా చూడటం దాని పని. బండి ఆపి, చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కోచోట హారన్ నొక్కు. ఒకచోట మోగి, ఇంకోచోట మోగకపోతే, దానితో పాటు ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలుగుతుంటే దాదాపు అదే. నువ్వు కొనకముందు ఎవరైనా స్టీరింగు విప్పారేమో పాత యజమానిని అడుగు. కడ్డీ విప్పి ఉన్నప్పుడు చక్రం ఊరికే తిరిగిపోతే ఆ పట్టీ తెగుతుంది. రాక్ మార్చేటప్పుడు కూడా ఇదే ప్రమాదం, షాపువాడికి గుర్తుచెయ్యి. ఇది నువ్వు విప్పే పని మాత్రం కాదు. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంది, బ్యాటరీ తీసి తెలిసినవాళ్ళే చెయ్యాలి.

అన్నిటికంటే ముందు ఖర్చులేని పని ఒకటుంది. బండి పదిహేడు అక్షరాల నంబరు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే అమెరికా రోడ్డు భద్రతా సంస్థ సైటులో కొట్టి రీకాల్ ఉందేమో చూడు. బ్రేకు నూనె కారి మంటలంటుకునే క్రూయిజ్ స్విచ్‌ల కోసం ఫోర్డ్ కంపెనీ 2009 నాటికి కోటీ నలభై లక్షల పైచిలుకు బండ్లను వెనక్కి పిలిచింది. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్ అంతకంటే పెద్దది, నీ బండి వయసువి అందులో చాలా ఉన్నాయి.

మూడు జాగ్రత్తలు కంఠస్థం చేసుకో. నడుస్తుండగా ఇంజను ఆగిపోతే స్టీరింగు బరువెక్కుతుందిగానీ పనిచేస్తుంది. గట్టిగా తిప్పు, బండి ఆగేదాకా తాళంచెవి మాత్రం పూర్తిగా వెనక్కి తిప్పకు, చక్రం లాక్ అవుతుంది. క్రూయిజ్ వదలకపోతే బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకో, గేరు న్యూట్రల్‌లోకి తోసి పక్కకు చేరుకో. వానలో క్రూయిజ్ అసలు వెయ్యకు.

థాంక్స్‌గివింగ్‌కు డెంటన్ నుంచి ఆస్టిన్ వెళతానన్నావు. టైర్లు, టై రాడ్లు, నూనె ఈ మూడూ తేలాకే ఆ బండిలో వెళ్ళు. తేలకపోతే బస్సులో వెళ్ళు. మీ అమ్మకు నేను చెబుతాను. క్రూయిజ్ వచ్చే నెల బాగుచేయించుకున్నా నష్టం లేదు. షాపుకి వెళ్ళినప్పుడు రాక్‌కు ఎంతవుతుందని అడగకు. రాక్ ఎక్కడ కారుతోందో చూపించమని అడుగు. చూపిస్తే చేయించుకో. చూపించలేకపోతే నీ కాగితం చేతిలో పెట్టుకుని ఇంకో షాపుకి వెళ్ళు.

ఇట్లు,
మీ మామయ్య