కాలవ కింది ఊరు, వాన కింది ఊరు

సమస్య



నా వయసు 36. మాది కర్నూలు జిల్లా కోసిగి పక్కన ఒక పల్లె. మా ఆయనది కడప జిల్లా మైదుకూరు దగ్గర. పెద్దలు ఒప్పుకున్న ప్రేమ పెళ్లి మాది. ఇద్దరం బెంగళూరులో ఉంటున్నాం. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు.

రెండేళ్ల కిందట మామ పోయినారు. అప్పట్నుంచి అత్తమ్మ ఊర్లో ఒక్కతే ఉంటోంది. కేసీ కెనాల్ కింద నాలుగెకరాలు ఉంది. ‘ఉద్యోగాలు మానేసి ఊరికి పోదాం. వరి, పసుపు పెట్టుకుందాం. పిల్లలు మంచి గాలిలో పెరుగుతారు, అమ్మకూ తోడుంటాం’ అని మా ఆయన రోజూ అంటున్నారు. వచ్చే ఉగాదికి రాజీనామా ఇచ్చేస్తారట.

ఆయనకు ఈ ఆలోచన కరోనా అప్పుడు పుట్టింది. 2020లో ఆఫీసు మూసేస్తే ఊరికి పోయి ఏడాది దాకా అక్కడే ఉన్నాం. బాబు చంటిపిల్లాడు, నేను సెలవులో ఉన్నాను. పగలు మిద్దె మీద ల్యాప్‌టాప్, సాయంత్రం కాలవ గట్టు మీద నడక, రాత్రి ఆరుబయట మంచం. ఆ ఏడాదిని ఆయన ఇప్పటికీ తలుచుకుంటారు. నాకు గుర్తున్నది వేరే. మబ్బులోనే లేచి కసువూడ్చడం, కళ్లాపి చల్లడం, బర్రె పని, వచ్చేపోయే చుట్టాలకు వండిపెట్టడం, చంకలో ఏడ్చే పిల్లాడు.

అక్కా, పల్లె అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తుంగభద్ర దిగువ కాలవ (ఎల్లెల్సీ) నీళ్లు మా చేనిదాకా రాలేదు. దీపావళి దాటితే మా ఊర్లో సగం ఇండ్లకు తాళాలే. అమ్మా నాయనా మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు సుగ్గికి పోయేవాళ్లు. ఉగాదికి గానీ వచ్చేవాళ్లు కాదు. నేను, తమ్ముడు అవ్వ దగ్గర ఉండేవాళ్లం. ఒక ఏడు నన్ను కూడా తీసుకుపోయినారు. ఆ ఏడు నా బడి పోయింది. తర్వాత ఆదోనిలో సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుని ఇక్కడిదాకా వచ్చినాను.

బెంగళూరులో కొళాయి తిప్పితే నీళ్లొస్తాయి. రాత్రి డ్యూటీ అయినాక ఒక్కదాన్నే ఇంటికి రాగలను. నా జీతం నా చేతికొస్తుంది. మీ కులమేంది అని నన్నెవరూ అడగరు. అత్తగారి ఊర్లో నేను ఇప్పటికీ ‘ఆ కర్నూలు పిల్ల’నే.

మొన్న కోపంలో ‘నీ ఊరి పిచ్చికి నా బతుకు బలి కావాలా’ అన్నాను. ‘నీది సిటీ మోజు’ అన్నారాయన. అప్పట్నుంచి సరిగ్గా మాటల్లేవు. అత్తమ్మను ఒంటరిని చేసిన పాపం నాదేనా? పిల్లలకు ఏది మంచిది? నాకు దారి చెప్పండి.

— పేరు రాయొద్దన్న చెల్లెలు, బెంగళూరు

సలహా

చెల్లెమ్మా,

ముందు ఒక మాట తేల్చి చెప్తాను. ఈ ఉగాదికి మీ ఇద్దరిలో ఎవరూ రాజీనామా చేయొద్దు. నువ్వు గెలవాలని చెప్పడం లేదు. మీరిద్దరూ ఇంతవరకు ఒకే విషయం మీద మాట్లాడుకోలేదు కాబట్టి చెప్తున్నాను.

పల్లె గొప్పదా, పట్నం గొప్పదా అని మీరు వాదించుకుంటున్నారు. నీ ఉత్తరం చదివితే నాకు రెండు పల్లెలు కనపడుతున్నాయి. ఒకటి కాలవ కింది ఊరు, రెండోది వాన కింది ఊరు. ఆయన ‘ఊరికి పోదాం’ అన్నప్పుడు ఆయన కళ్ల ముందు పచ్చటి మడి ఉంటుంది. నీ కళ్ల ముందు తాళం వేసిన తలుపు ఉంటుంది. ఒకరికి కనపడేది ఇంకొకరికి కనపడనప్పుడు ‘పిచ్చి’, ‘మోజు’ అనే మాటలే మిగులుతాయి.

మీ రెండు ఊళ్లకు మధ్య ఉన్న తేడా మనుషులు చేసిందే. కేసీ కెనాల్‌ను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ తవ్వించడం మొదలుపెట్టింది. పెట్టిన డబ్బుకు రాబడి రాక కంపెనీ చతికిలబడితే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కర్నూలుకు పైన సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లను మళ్లించి, నంద్యాల మీదుగా కడప దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా తీసుకుపోయే కాలవ అది. తుంగభద్ర సుంకేసుల చేరకముందు ఎక్కడెక్కడ పారుతుందో నీకు తెలుసు కదా. మంత్రాలయం మీదుగా, మీ కోసిగి పక్కగా పోతుంది. నీ ఊరిని దాటిపోయిన నీళ్లే మీ ఆయన ఊర్లో వరి పండించినాయి. ఆయన బాల్యం ఆ నీళ్ల పక్కన గడిచింది. మీ అమ్మా నాయనా ఆ నీళ్లు అందక లారీ ఎక్కినారు. వానను నమ్ముకుందామా అంటే, నైరుతి వాన పడమటి కనుమల అవతలే చాలా మటుకు కురిసిపోతుంది. ఈశాన్యం వాన తూర్పు నుంచి నీ ఊరు చేరేసరికి చిక్కిపోతుంది. ఆ నేలలో నిలబడి పిల్లల్ని చదివించిన మీ అవ్వ, అమ్మ, నాయన చేసింది చిన్న పని కాదు.

ఈ సంగతి మీ ఆయనకు ఎంతవరకు తెలుసు? సుగ్గికి పోయేవాళ్లని తెలిసి ఉంటుంది. బడి పోయిన ఆ ఏడు నువ్వు ఎక్కడ పడుకున్నావో, ఏం తిన్నావో, తిరిగొచ్చినాక తోటిపిల్లలు పై తరగతిలో ఉంటే ఎట్లుండిందో ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పినావా? నాకు రాసినంత వివరంగా ఆయనకు చెప్పు. చెప్పడంతో ఆపొద్దు. సంక్రాంతి దాటినాక ఒకసారి మీ ఊరికి తీసుకుపో. అరుగుల మీద ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఇంకెవరూ లేని వీధిలో ఆయన్ను నడిపించు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఇప్పటికీ వలస పోతున్నారు. వాళ్ల పిల్లల బడి ఆగిపోకుండా సీజనల్ హాస్టళ్లు నడపాల్సి వస్తోంది. ఊరు అంటే ఎంతో ప్రేమ ఉన్న మనిషి ఈ ఊళ్లను కూడా చూడాలి.

ఇక పట్నం సంగతి. నువ్వు మొదట రాసింది కొళాయి గురించి. చిన్నప్పుడు నీళ్ల కోసం అల్లాడిన పిల్లకు అదే మొదట గుర్తుకు రావడం న్యాయం. అయితే ఆ కొళాయి నీళ్లు బెంగళూరువి కావు. వంద కిలోమీటర్ల దూరం నుంచి కావేరిని పంపులతో ఎత్తిపోస్తే వస్తున్నాయి. 2024 వేసవి మొదట్లో ఆ ఊర్లో బోర్లు ఎండి, పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు కూడా ట్యాంకర్ల కోసం కాచుకున్నాయి. మద్రాసు కథా ఇంతే. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందంతో శ్రీశైలం కృష్ణా నీళ్లు వెలుగోడు దాటి, మీ అత్తగారి కడప జిల్లా మీదుగానే 1996 నుంచి మద్రాసుకు పోతున్నాయి. పట్నం తాగే నీళ్లు పల్లెల పక్కనుంచే పోతాయి. కాబట్టి నీళ్ల లెక్కన చూస్తే పట్నాన్నీ శాశ్వతం అనుకోవద్దు.

పట్నం నీకు ఇచ్చిన అసలు సిరి నువ్వు తర్వాత రాసిన వాక్యాల్లో ఉంది. చేతికొచ్చే జీతం, భయం లేని రాత్రి నడక, కులం అడగని ఇరుగుపొరుగు. వీటిని మోజు అనే హక్కు ఎవరికీ లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ అంబేద్కర్, పల్లెను ఆకాశానికెత్తే మేధావులను గట్టిగా నిలదీసినారు. ఊరు అందరికీ ఒకే తీరుగా తల్లి కాదని ఆయనకు అనుభవంలో తెలుసు. ఆడపిల్లగా, వలస కూలీల బిడ్డగా అది నీకూ తెలుసు. దానికి సిగ్గుపడొద్దు.

మీ ఆయన కోరికను కూడా అంతే మర్యాదగా చూడాలి. తండ్రి నడిచిన గట్టు మీద నడవాలని ఉండటం, తల్లి ముసలితనంలో పక్కన ఉండాలనుకోవడం మంచి మనిషి లక్షణాలు. పల్లెకూ ఒక సిరి ఉంది. మామ పోయిన రోజున మీరు బెంగళూరు నుంచి చేరేలోపల అత్తమ్మ పక్కన ఎవరు కూర్చున్నారో, మిగతా పనులు ఎవరు చూసినారో గుర్తు చేసుకో. పిలవకుండా వచ్చే ఆ మనుషులు పట్నంలో అంత సులభంగా దొరకరు. పక్క వాటా వాళ్ల పేరు తెలియకుండా ఏళ్లు గడిపేస్తాం అక్కడ.

రెండింటికీ సిరి ఉంది. మరి తేల్చుకోవడం ఎట్లా? ఆ సిరి ఎవరి కష్టం మీద నిలబడుతోందో చూడాలి. 2020లో మీ ఆయన అనుభవించిన పల్లె నిజమైనదే. దాని కింద నెల తిరిగేసరికి పడే కంపెనీ జీతం ఉంది. నిండిన కాలవ ఉంది. మబ్బులో లేచిన నువ్వు, అత్తమ్మ ఉన్నారు. రాజీనామా ఇస్తే జీతం పోతుంది. తుంగభద్రలో నీళ్లు తగ్గి, కేసీకి ఆసరా అయ్యే శ్రీశైలమూ నిండని ఏడు, కాలవ చివరి భూములకు నీళ్లందడమే కష్టం. ఇక మిగిలేది మీ ఇద్దరు ఆడవాళ్ల రెక్కలు. అంత బరువు వాటి మీద వేయడం తప్పు.

అందుకని నా సలహా ఇది. మొదట ఆయన ఒక్కరే పోవాలి. కంపెనీలో సెలవో, ఇంటి నుంచి పనో అడగమను. కుదరకపోతే నెలలో పది రోజులైనా. ఉగాది నుంచి దీపావళి దాటేదాకా. నువ్వు, పిల్లలు వేసవి సెలవులకు, పండగలకు వెళ్లండి. మిగతా రోజుల్లో అత్తమ్మకు వండిపెట్టడం, కసువు, బర్రె, చుట్టాలు అన్నీ ఆయనే చూసుకోవాలి. సంక్రాంతికి నాలుగు రోజులు పోయి ఊరు బాగుందనుకోవడం వేరు, మే నెల కడప ఎండలో ఉండటం వేరు. జూన్‌లో పసుపు నాటితే తవ్వేది మళ్లీ మాఘ ఫాల్గుణాల్లో. తవ్వినాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పట్టాలి, అప్పుడు కడప మార్కెట్టుకు వేసుకుపోవాలి. ధర ఆ రోజు ఎంత పలికితే అంతే. కరువు సీమలో వరద రాదనీ అనుకోవద్దు. 2021 నవంబరు వానలకు చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామే కొట్టుకుపోయింది. వీటిలో వీలైనన్ని దగ్గరుండి చూసి, మిగతావి అడిగి తెలుసుకున్నాక కూడా ఆయనకు సేద్యమే ఇష్టమైతే, ఆ ఇష్టానికి విలువ ఉంటుంది.

ఈలోపల ఇద్దరూ కలిసి కొన్ని పనులు చేయండి. కాలవ మీద లస్కర్‌గా పనిచేసినవాళ్లను, చివరి పొలాల రైతులను కలవండి. గత పదేళ్లలో మీ నాలుగెకరాలకు ఏ ఏడు నీళ్లు వచ్చినాయి, ఏ ఏడు రాలేదు అని అడిగి రాసుకోండి. మామ అమ్మిన పంటల చీటీలు, అప్పు కాగితాలు ఇంట్లో ఉంటే అత్తమ్మను అడిగి చూడండి. ఖర్చు పోను ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది. బోరు కోసం అప్పు చేయొద్దు. వెయ్యి అడుగులు దించినా చుక్క రాక, మళ్లీ పక్కన ఇంకో బోరు వేసి మునిగిపోయిన ఇండ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఏ నిర్ణయం తీసుకున్నా ఇంట్లో ఒక జీతం నిలబడాలి. నీ పని ప్రొద్దుటూరులో, కడపలో కూడా దొరికే పనే. జీతం తగ్గొచ్చు. ఎంత తగ్గుతుందో ఇప్పుడే విచారించి పెట్టుకో. ఒకవేళ పోతే, నీ ఉద్యోగం నీకుండాలన్న షరతుతోనే పోవాలి. దాన్ని బతిమాలి అడగొద్దు, ముందే చెప్పు.

అత్తమ్మ గురించి నువ్వు మోస్తున్న పాపభారం దించుకో. ఆ ఇంటికి కొడుకూ ఉన్నాడు. ఆమె ఒంటరితనం కోడలి లెక్కలో మాత్రమే రాయడం అన్యాయం. ఇంతకూ ఆమెకేం కావాలో ఎవరైనా అడిగినారా? మీరంతా రావాలని ఉందా, ఎండాకాలం మటుకు బెంగళూరుకు రావాలని ఉందా, ఉన్నచోటే ఉంటూ వారానికి ఒకరు వస్తే చాలా? మీ ఆయన వినకుండా, నువ్వొక్కదానివే ఆమెను అడుగు. ఇన్నేళ్లు ఆ ఇల్లు నడిపిన మనిషి ఆమె. ఊరి సుఖం, కష్టం మీ ఇద్దరికంటే ఆమెకు బాగా తెలుసు. నీకు ఆమె మద్దతు దొరికినా నేను ఆశ్చర్యపోను.

పిల్లలకు ఏది మంచిదన్నావు. జేజి చేతి ముద్ద, చెట్టెక్కడం, కాలవలో ఈత పిల్లలకు మంచివే. గ్రంథాలయం, ఆటస్థలం, రకరకాల మనుషుల మధ్య పెరగడమూ మంచివే. సెలవులన్నీ జేజి దగ్గర గడిపితే మొదటిది పోదు. పాప మటుకు ఇంకో మూడేళ్లలో హైస్కూలుకు వస్తుంది. అత్తగారి ఊరికి హైస్కూలు ఎంత దూరం, ఆడపిల్లలు ఏ బస్సులో పోతున్నారు, పదో తరగతి తర్వాత ఎంతమందికి పెళ్లిళ్లు చేస్తున్నారు అని కనుక్కో. గాలి బాగుంటుందన్న మాటకు ఈ మూడు జవాబులు కూడా చేరాలి.

మాటలు ఆగిపోయినాయన్నావు. నువ్వే మొదలుపెట్టు. ‘ఊరికి రానని కాదు, నా రెక్కల మీద నిలబడే ఊరికి రాను. నువ్వు ముందు పోయి ఉండు, నేను నీకు అడ్డం రాను’ అని చెప్పు. నువ్వు నాకు రాసిన ఉత్తరం మొత్తం మళ్లీ చదువుకో, కావాలంటే ఆయనకూ చూపించు. దీపావళి దాటినాక ఇద్దరూ ఆ లెక్కల కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోండి. అప్పుడు నువ్వు పోతానన్నా, పోనన్నా అది తెలిసి తీసుకున్న నిర్ణయం. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే పని ఉండదు.

— నీ అక్క